పైలట్‌ని కాదు, ఫిట్టర్‌ని

ప్రిన్సిపాల్ గారికి, మాస్టార్లకు, పిల్లలకు నమస్కారం. వేదిక మీద పెద్దలందరి పేర్లూ చెప్పాలి గానీ, భోజనాల టైమ్ అవుతోందని ఇందాకే నాకు చీటీ అందింది.

ముందు ఒక సవరణ. పరిచయం చేసిన అమ్మాయి నన్ను ‘గగనవీరుడు’ అంది. అమ్మా, నేను విమానం నడపలేదు. ఎయిర్ ఫోర్స్‌లో కాన్‌బెర్రా బాంబర్ల కింద దూరి బోల్టులు బిగించిన ఫిట్టర్‌ని. విమానం ఎగరడానికి సిద్ధమని రాసిచ్చే ఫారం 700 మీద సంతకం పెట్టిన రాత్రి, ఆ విమానం తిరిగొచ్చేదాకా నిద్ర పట్టేది కాదు. మన కాన్‌బెర్రాలు 1957లో వచ్చాయి, 2007లో సెలవు తీసుకున్నాయి. యాభై ఏళ్లు!

మీరిచ్చిన టాపిక్ ‘రేపటి విమానం’. నేను మాత్రం పాత విమానం గురించే చెబుతా. రేపు ఎగిరేదీ అదే కాబట్టి. అమెరికా వాళ్ల బాంబర్ బీ-52. మొదట ఎగిరింది 1952 ఏప్రిల్ 15న. మొత్తం 744 తయారుచేశారు. ఆఖరుది 1962లో బయటికొచ్చింది. అంటే ఇప్పుడున్న 76లో అన్నిటికన్నా చిన్నదానికే అరవై దాటాయి. రోల్స్ రాయిస్ ఇంజన్లు కొత్తవి ఎనిమిదేసి బిగించి, 2050 దాటేదాకా నడుపుతామంటున్నారు. తాత, తండ్రి, మనవడు ముగ్గురూ దీన్నే ఎక్కిన కుటుంబం ఉంది. ఆ ముగ్గురి ఫొటో పేపర్లలో వస్తుంది. పానా పట్టుకున్నవాడు ఆ ఫొటోలో ఉండడు.

ఇన్నేళ్లు ఎలా బతికింది? విమానం అరిగేది ఏళ్లతో కన్నా ఎగిరిన గంటలతోనే ఎక్కువ. అమెరికా, రష్యాల కోల్డ్ వార్ రోజుల్లో ఇవి చాలావరకు బాంబులు ఎక్కించుకుని, పిలుపు కోసం నేల మీదే నిలబడ్డాయి. ఇక సుమారు నాలుగేళ్లకోసారి ఓక్లహోమాలోని టింకర్ బేస్‌కి తీసుకెళ్లి, విప్పి, పగుళ్లు వెతుకుతారు.

వెనక బెంచీ బాబూ, ఫోన్ కాసేపు పక్కన పెట్టు. ఇది వినాలి.

ఎత్తులో ఎగరడానికి కట్టిన విమానాన్ని, రష్యా మిసైళ్ల భయంతో నేలకు దగ్గరగా ఎగరమన్నారు. కింద గాలి కుదుపులు ఎక్కువ. ఒళ్లు హూనమవుతుంది. ఆ దెబ్బ ఎంతో కొలవడానికి 1964 జనవరి 10న ఒకటి ఎగిరింది. కొండల దగ్గర గాలి విసిరికొట్టి, తోక మీది నిలువు రెక్క దాదాపు మొత్తం ఊడిపోయింది. చక్ ఫిషర్ అనే పైలట్ దాన్ని ఆరు గంటలు అలాగే నడిపి ఆర్కన్సాలో దించాడు. మళ్లీ కొత్త రెక్క బిగించారు. అదే విమానం 2008 దాకా పనిచేసింది!

చూశారా, పైలట్ పేరు నా నోటికే ఠక్కున వచ్చింది. ఆ రెక్క బిగించినవాళ్ల పేర్లు ఎన్నేళ్లుగా వెతుకుతున్నానో. నాకైతే దొరకలేదు.

ఇందాక ఒక అమ్మాయి రాసిచ్చింది, “ఇది వియత్నాం మీద బాంబులు వేసింది కదా సార్?” అని. వేసిందమ్మా. 1972 డిసెంబర్లో ఉత్తర వియత్నాం మీద పదకొండు రాత్రులు. హనోయ్‌లో ఖామ్ థియెన్ అనే వీధిలో ఇళ్లు కూలాయి, మనుషులు పోయారు. ఆ రాత్రుల్లో పదిహేను బీ-52లు కూడా కూలాయి. నేను పొగుడుతున్నది బోల్టును, బాంబును కాదు. మా కాన్‌బెర్రాలు మాత్రం పూలు చల్లాయా? దీనికి నా దగ్గర ఇంతకన్నా జవాబు లేదు.

చీటీ మళ్లీ వచ్చింది. ఒక్క నిమిషం. ‘ఘోస్ట్ రైడర్’ అని ఒక బీ-52ని 2008లో అరిజోనా ఎడారిలో పాత విమానాల మధ్య పడేశారు. ఏడేళ్లకు అవసరమొచ్చింది. టైర్లు పాడయ్యాయి, ఇంధనం గొట్టాలు పనికిరాకుండా పోయాయి. అన్నీ మార్చి 2015లో మళ్లీ ఎగరేశారు.

అన్నట్టు, వస్తూ మీ వర్క్‌షాప్ కిటికీలోంచి చూశాను. లేత్ మీద వేలెడు దుమ్ము, తలుపుకి తాళం. ఆ తాళంచెవి ఎవరి దగ్గరుంది? భోజనం అయ్యాక నేను అక్కడే ఉంటా. వచ్చేవాళ్లు రండి, చొక్కా మాసినా ఫరవాలేదనుకుంటేనే.