ఆరు సీసాలకూ ఒకటే పేరు: మా ఇంటి నూనెల రివ్యూ

ప్రేక్షకులకు నమస్కారం. తిరుపతిలోని మా వంటింటి బల్ల మీద ఈ రోజు ఆరు సీసాలు పెట్టాను: నువ్వుల నూనె, గానుగలో ఆడించిన చెనిక్కాయ (వేరుశనగ) నూనె, రిఫైన్డ్ పొద్దుతిరుగుడు నూనె, కొబ్బరి నూనె, దీపారాధన నూనె, కుట్టుమిషన్ నూనె. ఆరింటినీ నూనె అనే పిలుస్తున్నాము గనుక, ఆ పేరు దేనికి ఎంత తగునో, ఏది ఏ పనికి వస్తుందో చూసి చెబుతాను.

మాట పుట్టుకను బట్టి చూస్తే నూనె అనిపించుకోదగినది మొదటి సీసా ఒక్కటే. నువ్వుల నుంచి తీసిన నెయ్యి కాబట్టి అది నూనె అయింది. మన పొరుగున ఉన్న తమిళులు అనే ఎణ్ణెయ్ కూడా నువ్వులకు పేరైన ఎళ్, నెయ్ కలిసిన మాటే. సంస్కృతంలో తిలల నుంచి వచ్చినది తైలం. ఆ లెక్కన నువ్వుల నూనె అనడం నువ్వును రెండుసార్లు చెప్పడమే. కాలక్రమంలో ఈ పేరు గింజను వదిలి జిడ్డును పట్టుకుంది. తిరుమలలో శుక్రవారం అభిషేకం తరువాత మూలమూర్తికి అలదే పునుగు తైలానికి ఆ పేరు నువ్వును బట్టి రాలేదు, అది పునుగు పిల్లి నుంచి లభించే పరిమళద్రవ్యం. అయినా అదీ తైలమే. నేల లోతుల నుంచి వచ్చిన కిరసనాయిలును సైతం మనవారు మట్టినూనె అన్నారు.

ఇక రోజూ వాడే చెనిక్కాయ నూనె సంగతి. గానుగ నూనె రంగు ముదురు పసుపు, మూత తీయగానే వేయించిన గింజల వాసన, అడుగున కొద్దిగా మడ్డి. రాగిసంగటిలోకి ఊరిబిండి అనే పచ్చడి చేసి, పైన పచ్చి నూనె ఒక చెంచా వేసుకుంటే దానికి సాటి లేదని నా అభిప్రాయం. అయితే వడలు కాల్చేటప్పుడు నురగ పొంగుతుంది, ఎక్కువ మంట మీద త్వరగా పొగలు కక్కుతుంది. అందువల్ల గిన్నెను సగానికి మించి నింపరాదు. ధర విషయంలో ఒక లెక్క గుర్తుంచుకోండి. కిలో నూనె రావాలంటే గానుగలో సుమారు రెండున్నర కిలోల గింజలు పడతాయి, మిగిలిన చెక్కను పశువుల దాణాకు అమ్ముకుంటారు. గింజల ధరతో ఈ లెక్క వేసి చూస్తే, మరీ చౌకగా ఇస్తామనే గానుగ నూనెను ఎందుకు అనుమానించాలో తెలుస్తుంది. కిలో, లీటరు ఒకటి కాదు. లీటరు నూనె సుమారు 910 గ్రాములే తూగుతుంది. ఒక దుకాణంలో కిలో ధర తీసుకుని నాకు లీటరు కొలిచి ఇచ్చారు. చేతి చమురు వదిలిందనే మాట అప్పుడు నిజంగానే అర్థమైంది.

పొద్దుతిరుగుడు నూనెకు వాసన లేదు, రుచి లేదు, తగువూ లేదు. వడలకు దీనినే వాడండి.

దీపారాధన నూనె విషయంలో నాకు గట్టి ఫిర్యాదు ఉంది. సీసా ముందు వైపు దేవుని బొమ్మ, నూనె అనే పెద్ద అక్షరాలు. వంటకు పనికిరాదనే హెచ్చరిక మాత్రం వెనుక, కంటికి ఆననంత చిన్నగా ఉంది. పేరు ఒకటే అయినప్పుడు ఆ హెచ్చరిక ముందు వైపే ఉండాలి. చూపు ఆనని పెద్దలున్న ఇంట్లో ఈ సీసాను పూజగది దాటనివ్వకండి.

కొబ్బరి నూనె తలకు మేలైనదే, కానీ 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. మా మేనత్త గారు ఒక మార్గశిర మాసంలో మిషన్ నూనె అయిపోయిందని కుట్టుమిషన్‌లో కొబ్బరి నూనె పోశారు. మరునాటి ఉదయం చక్రం కదలలేదు. గడ్డకట్టని వంటనూనెలు పోసినా, గాలి తగిలి క్రమంగా జిగురుగా మారతాయి. ముడి చమురు నుంచి తీసిన మిషన్ నూనె రసాయనికంగా వేరే జాతిది. క్షారం కలిపితే చెనిక్కాయ నూనె సబ్బు అవుతుంది, ఇది కాదు. మాట పుట్టుకను బట్టి ఆరింటిలో నూనె అనే పేరుకు అన్నిటికన్నా దూరం ఇదే అయినా, చేసే పనిలో దీనికి ఐదుకు ఐదు మార్కులు. ఇక ఈ సీసాను వంటింటి బల్ల మీద నుంచి తీసి, మిషన్ సొరుగులో పెట్టేస్తున్నాను.