రెప్ప ఆపరేషన్ తర్వాత నొప్పికి ఎంత మందు?

అందరికీ నమస్కారం.

కంటి దగ్గర కత్తి పెడతారనగానే ఎవరికైనా గుండె జారుతుంది. అందుకే ఆపరేషన్ ముందు చాలామంది అడిగేది, "డాక్టర్‌గారూ, తర్వాత నొప్పి తట్టుకోగలనా?" అని. ఆ టెన్షన్ వల్లే ట్రమడాల్, కోడీన్ లాంటి ఓపియాయిడ్ మందులు (నల్లమందు తరహాలో పనిచేసే బలమైన నొప్పి మందులు) చీటీలోకి ఎక్కుతుంటాయి. అర్ధరాత్రి ఫోన్ రాకుండా ఉంటుందని డాక్టర్లూ రాసేస్తుంటారు.

నిజానికి వాలిన రెప్పను పైకెత్తినా, రెప్ప మీద అదనపు చర్మం తీసినా నొప్పి తక్కువే. మత్తు ఇంజెక్షన్ ప్రభావం కొన్ని గంటలుంటుంది. అది దిగాక బిగుతుగా, కాస్త మంటగా అనిపిస్తుంది. ఎక్కువమందికి పారాసిటమాల్, చల్లటి కాపడం సరిపోతాయి. పారాసిటమాల్ పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు దాటకూడదు. లివర్ జబ్బు ఉంటే ఇంకా తక్కువ. కొన్ని ఓపియాయిడ్ బిళ్ళల్లో పారాసిటమాల్ కూడా కలిసి ఉంటుంది, లేబుల్ చదవండి.

కంటిగూటి లోపలి ఆపరేషన్ల సంగతి వేరు. విరిగిన ఎముకకు ప్లేటు వేసినప్పుడు, థైరాయిడ్ వల్ల ఉబ్బిన కళ్లకు చోటు చేయడానికి గూటి ఎముక తొలగించినప్పుడు, కన్నే తీసేయాల్సి వచ్చినప్పుడు మొదటి ఒకటి రెండు రోజులు బలమైన మందు అవసరం కావచ్చు. అక్కడ పిసినారితనం చూపడం నాకు నచ్చదు.

అయితే ఓపియాయిడ్లతో వాంతులవుతాయి, మలబద్ధకం వస్తుంది. వాంతి చేసుకున్నా, ముక్కినా తలలో సిరల ఒత్తిడి పెరుగుతుంది, పచ్చి గాయం మళ్లీ రక్తం కారవచ్చు.

అసలు భయపడాల్సింది కంటి వెనక రక్తం చేరడం గురించి. అరుదే, కానీ కంటిగూడు చుట్టూ ఎముక, ముందువైపు తప్ప సాగే చోటు లేదు. లోపల రక్తం నిండితే ఒత్తిడి పెరిగి కంటినరానికి రక్తప్రసరణ ఆగిపోతుంది. గంటన్నర, రెండు గంటల్లోపే రెప్ప బయటి మూల కోసి ఒత్తిడి తగ్గించాలి. ఆలస్యమైతే చూపు తిరిగిరాకపోవచ్చు. దీన్ని ముందుగా చెప్పేది నొప్పే: గంటగంటకూ పెరుగుతుంది, కన్ను ముందుకు పొడుచుకొస్తుంది, చూపు మసకబారుతుంది. గట్టి బిళ్ళ వేసుకుని మగతలో పడుకున్న మనిషికి ఇది తెలియదు. పైగా ఓపియాయిడ్లు కనుపాపను సూదిమొనలా కుదిస్తాయి, టార్చితో చూసే మాకూ పరీక్ష కష్టమవుతుంది.

అందుకని ఇంట్లోవాళ్లకు చెప్పేదేమిటంటే, మొదటిరోజు మేలుకుని ఉన్నప్పుడల్లా ఒక్కో కన్ను విడిగా మూసి చూపు సరిచూడమనండి. కట్టు ఉంటే దాన్ని ఎప్పుడు విప్పవచ్చో ముందే అడగండి. నొప్పి హఠాత్తుగా ముదిరితే రెండో బిళ్ళ వేయకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఇక మందు రాయించుకునేటప్పుడు గురక జబ్బు, మూర్ఛ, నిద్రమాత్రలు, డిప్రెషన్ మందులు, మద్యం, ఏదున్నా దాచకుండా చెప్పండి. ఊపిరి మందగించే ప్రమాదం గురక జబ్బు, నిద్రమాత్రలు, మద్యం తోడైనప్పుడే ఎక్కువ. మిగిలిన బిళ్ళల్ని అలమరలో దాచొద్దు, వెనక్కి తీసుకునే మందుల షాపు ఉంటే అక్కడ ఇచ్చేయండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.