పాత పట్టుచీరను కాటాలో పెట్టకండి

నమస్కారం. నేను హైదరాబాదులో పాత చీరలు, పాత రవికెలు అమ్మే ఒక చిన్న దుకాణం నడుపుతున్నాను. బీరువా అడుగు నుంచి తీసిన పట్టుచీరతో మా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది కూర్చోకముందే అడిగే ప్రశ్న, "ఇందులో వెండి ఎంత వస్తుందండీ?" అన్నది. ఆటోకు మైకు కట్టుకుని "పాత పట్టుచీరలు కొంటాం, జరీ చీరలు కొంటాం" అంటూ వీధుల్లో తిరిగేవారు మనకు నేర్పిన లెక్క అది. అలా కొన్న చీరను కాల్చి, పట్టు బూడిదయ్యాక మిగిలిన లోహం నుంచి వెండిని వేరు చేస్తారు. అది వారి బతుకుతెరువు, దానిని నేను తప్పుపట్టను. కట్టుకోవడానికి నిక్షేపంగా పనికొచ్చే చీరకు కూడా అదే ధర అని ఇంటివారే నిర్ణయించుకుని రావడం మాత్రం నాకు ప్రతిసారీ చిరాకు తెప్పిస్తుంది.

నడుస్తున్న పాత స్కూటరును ఇనుము బరువుకు ఎవరైనా అమ్ముతారా? కిక్కు కొడితే లేస్తుందా, ఇంజను అసలుదేనా, రంగు మళ్లీ వేయించారా, కాగితాలు ఉన్నాయా అని ముందు చూస్తారు. వీటిలో ఏదీ తేలకపోతేనే పాత ఇనుప సామాన్ల కొట్టుకు తోసుకువెళ్తారు. చీర విషయంలోనూ వరుస ఇదే కావాలి. ఈ వీడియో అంతా ఆ స్కూటరుతోనే నడిపిస్తాను, ఎందుకంటే మా కౌంటరు దగ్గర ఇంతకంటే త్వరగా బోధపడే పోలిక నాకు దొరకలేదు.

ముందుగా ఆ వెండి సంగతే తేల్చుకుందాం.

[పైట కొంగు చివరి జరీ పోగు దగ్గరగా కనిపించాలి]

ఇది కొంగు చివర వదులుగా వేలాడుతున్న ఒక జరీ పోగు. దీనిని గోటితో మెల్లగా విప్పితే, పైన చుట్టిన సన్నటి లోహపు రేకు ఊడి, లోపల ఎర్రటి దారం బయటపడుతోంది. అసలు జరీలో ఈ లోపలి దారం పట్టు, పై రేకు వెండి, ఆ వెండి మీద ఉండేది బంగారు పూత. గీకిన చోట తెల్లగా మెరిస్తే వెండి అని అనుకోవచ్చు. రాగి రంగు కనిపిస్తే అది టెస్టెడ్ జరీ, అంటే రాగి తీగ మీద పలుచని వెండి పూత వేసినది. మూడవ రకంలో లోహమే ఉండదు, మెరిసే ప్లాస్టిక్ పొర ఉంటుంది. నిప్పు తగిలితే కరిగి ఉండకట్టడమే దాని గుర్తు. కాబట్టి జరీ నిండుగా ఉన్నంత మాత్రాన వెండి నిండుగా ఉన్నట్టు కాదు. వెండి జరీ గాలికి నల్లబడుతుంది, రాగి ఎక్కువగా ఉన్న జరీ తేమకు పచ్చని చిలుము పడుతుంది. నల్లబడిన చీరను చూసి "పాడైపోయిందండీ" అని తక్కువ ధరకు ఇచ్చేసేవారు ఉన్నారు. ఆ నలుపే చాలాసార్లు వెండి ఉందనడానికి ఆనవాలు.

ఇప్పుడు కిక్కు కొట్టి చూద్దాం. వయసు కంటే, జరీ కంటే ముందు చూడవలసినది బట్టలో జీవం మిగిలి ఉందా అన్నది. చీరను కిటికీ వెలుగుకు అడ్డంగా పట్టుకుని మడతల వెంట చూపు నడపండి. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న చీరకు ఆ గీత పొడవునా పోగులు విరిగి, సన్నటి వెలుతురు చారలు కనిపిస్తాయి. తర్వాత లోపలి చెంగు వైపు, కట్టినప్పుడు నడుము దగ్గర దోపే భాగంలో, రెండు చేతుల బొటనవేళ్ల మధ్య బట్టను పట్టుకుని కొద్దిగా లాగండి. గట్టి పట్టు ఆ లాగుడుకు నిలుస్తుంది. చీకిపోయిన పట్టు కాగితంలా చిన్న చప్పుడు చేసి విడిపోతుంది, ఆ చప్పుడు ఒకసారి విన్నవారు మరిచిపోరు. పట్టు మాంసకృత్తు కనుక ఎండ, చెమట, సబ్బులోని క్షారం దానిని లోపలి నుంచి తినేస్తాయి. పైకి రంగు తాజాగానే ఉండవచ్చు. అందుకే రంగు చూసి మురిసిపోయి కొనవద్దని మా దుకాణానికి వచ్చే పిల్లలకు గట్టిగా చెబుతాను.

గద్వాల చీర ఈ పరీక్షలో ప్రత్యేకమైన కేసు, నాకు అత్యంత ఇష్టమైనదీ అదే. ఒడలు, అంటే చీర మధ్య భాగం, నూలు. అంచులు, కొంగు పట్టు. రెండు అంచులకూ ఒడలుకూ పేకను, అంటే అడ్డంగా నేసే దారాన్ని, వేరువేరు నాడెలు నడిపిస్తాయి. అంచు పేక, ఒడలు పేక కలిసే చోట ఒకదానిని ఒకటి మెలివేసుకుంటాయి. చీరను తిరగేసి ఆ కలయిక గీత మీద వేలు పోనిస్తే చిన్న గరుకు తగులుతుంది. ఒకే స్కూటరుకు రెండు ఇంజన్లు ఉన్నట్టు, ఈ చీరకు రెండు ఆయుష్షులు ఉంటాయి. నూలు గట్టిగా ఉండగానే పట్టు అంచు చివికిపోవచ్చు. నీళ్లలో నానబెట్టి ఉతికితే నూలు ముడుచుకుని, పట్టు అంతగా ముడుచుకోక, కలయిక గీత వెంట ముడతలు పడిపోతాయి. పాత గద్వాల కొనేటప్పుడు చీరను నేల మీద పరచి అంచు నిటారుగా పడుతోందా, అలలు తిరుగుతోందా అని చూడండి.

కాగితాల విషయానికి వస్తే, చీరకు ఆర్‌సీ పుస్తకం ఉండదు. ఆ చీర కట్టుకుని తీయించుకున్న పెళ్లి ఫోటో ఉంటే అంతకు మించిన రుజువు లేదు. కొన్న దుకాణం రసీదు గాని, అట్టపెట్టె గాని మిగిలి ఉంటే మరీ మంచిది. ఈ వ్యాపారంలో సాధారణంగా ఇరవై ఏళ్లు దాటిన బట్టను వింటేజ్ అంటారు కనుక 1990లలో కొన్న చీర కూడా లెక్కలోకి వస్తుంది. "మా ముత్తవ్వదండీ" అన్న మాట ఒక్కటే వింటే నేను నవ్వి ఊరుకుంటాను.

ఇక మళ్లీ వేయించిన రంగు. రోల్ పాలిష్, అంటే గంజి పెట్టి వేడి యంత్రంలో లాగి నునుపు చేయడం, చేయించిన పాత చీర కొత్తదానిలా నిగనిగలాడుతుంది, కొనేవారు దానికే పడిపోతారు. వేడికి, లాగుడుకు, గంజికి బలహీనమైన పట్టు ఆ యంత్రం దగ్గరే చీలవచ్చు. చీలకుండా బయటపడినా, ఆ బిరుసు కింద చీకిన చోట్లు దాక్కుంటాయి. నా అభిప్రాయంలో అమ్మకానికి ముందు చేయించే పాలిష్ కొనేవారి కళ్లకు కట్టే గంత. దానికి బదులు రఫ్ఫు చేయించి, రఫ్ఫు ఎక్కడ ఉందో చూపించి అమ్మితే కొన్నవారు మళ్లీ వస్తారు. ఒడలు పూర్తిగా పోయి అంచు గట్టిగా ఉంటే, ఆ అంచును విప్పి కొత్త బట్టకు కుట్టించవచ్చు. మంచి ఇంజనును వేరే బండికి ఎక్కించడం లాంటి పని అది, తప్పేమీ లేదు. అసలు బండి అని చెప్పి అమ్మడమే తప్పు.

కట్టుకునే సంగతి కొంచెం చెప్పాలి. చాలా పాత చీరలకు రవికె ముక్క ఉండదు. సరిపోలే రంగు కోసం తిరగడం కంటే అంచులోని రెండవ రంగును ఎంచుకుని, సాదా నూలు బట్టతో మోచేతి దాకా చేతులు కుట్టిస్తే నిండుగా ఉంటుంది. బుట్ట చేతుల రవికె, 1970ల నాటి వాణిశ్రీ కొప్పు, పాత నగలు అన్నీ ఒకేసారి వేసుకుంటే నాటకం వేషం అవుతుంది. వాటిలో ఒక్కటి చాలు. పాత పట్టుకు పిన్నీసు నేరుగా గుచ్చకుండా, లోపల చిన్న గుడ్డముక్క పెట్టి గుచ్చండి. అత్తరు జరీ మీద పడనివ్వకండి.

వీడియో అప్పుడే పొడవైపోతోంది కాబట్టి మిగిలినవి త్వరగా చెబుతాను. దాచేటప్పుడు చలువ చేయని నూలు గుడ్డలో చుట్టి, కొన్ని నెలలకొకసారి మడత మార్చండి. కలరా ఉండలు జరీకి తగలకూడదు. నూలు చీరలను గంజితో దాచితే పురుగులను పిలిచినట్టే. బరువైన చీరను హ్యాంగరుకు వేలాడదీయవద్దు.

మీరు కూడా పాత చీరలు అమ్మేవారైతే, అమ్మే ధరలో కొన్న వెల, రఫ్ఫు, డ్రై వాష్, అమ్ముడుపోకుండా కూర్చునే నెలలు అన్నీ కలపాలి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న దుకాణం వాడిన వస్తువులను అమ్మితే, కొనుగోలు మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును మినహాయించుకోవడం) తీసుకోనప్పుడు, లాభపు తేడా మీద మాత్రమే పన్ను లెక్కించే పద్ధతి ఉంది. 3,000కు కొని 5,000కు అమ్మితే పన్ను 2,000 మీద. వస్తువు స్వభావం మారని చిన్న మరమ్మతులకు ఇది వర్తిస్తుంది. అంచు తీసి కొత్త బట్టకు కుట్టిన చీరను ఇందులో చేర్చేముందు మీ అకౌంటెంటును అడగండి.

చివరిగా, నూరేళ్లు నిండిన చీర అని నిజంగా తేలితే వెంటనే ధర కట్టకండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన చేతిపని వస్తువు పురావస్తువు కిందికి రావచ్చు. అలాంటివాటితో వ్యాపారం చేయడానికి లైసెన్సు కావాలి, ప్రైవేటు వ్యక్తులు వాటిని విదేశాలకు పంపడం నిషిద్ధం. అమెరికాలోని చెల్లెలికి కొరియరు చేస్తామని అడిగేవారికి ఈ మాట ముందే చెప్పి, చీరను పురావస్తు శాఖ అధికారులకు చూపించి రమ్మని పంపిస్తాను.