మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్నవాళ్ల కోసం ఫోన్‌లో ఒక షీట్: రిపోర్టులో రానివి కూడా రాసుకుందాం

నమస్తే అండీ. ఈ రోజు ఫోన్‌లో ఒక షీట్ చేద్దాం. మెటబాలిక్ సిండ్రోమ్ ఉందని డాక్టర్ చెప్పినవాళ్ల కోసం, వాళ్ల ఇంట్లోవాళ్ల కోసం. అంటే పొట్ట దగ్గర కొవ్వు, బీపీ, షుగర్, రక్తంలో కొవ్వులు, వీటిలో కొన్ని కలిసి హద్దు దాటడం. ముందే చెప్పేస్తున్నా, నేను షీట్లు నేర్పించేదాన్ని, డాక్టర్‌ని కాదు. మందుల సంగతి మీ డాక్టర్ దగ్గరే.

ఎందుకీ షీట్ అంటే, మన విశాఖలో ఏ క్లినిక్‌కైనా వెళ్లి చూడండి. డాక్టర్ గారు "ఎలా ఉన్నారు?" అంటారు. మనవాళ్లు "బానే ఉన్నానండీ" అంటారు. అంతే. రాత్రి నాలుగుసార్లు లేచారు, మెట్లెక్కితే ఆయాసం, తమ్ముడి కూతురు పెళ్లికి వెళ్లడం మానేశారు, ఇవేవీ బయటికి రావు. షుగర్ అంకె ఒక్కటే మాట్లాడుతుంది. మనకి ఆ అంకెలూ కావాలి, ఈ సంగతులూ కావాలి. రెండూ ఒకే చోట ఉండాలి.

సరే, మొదలుపెడదాం. గూగుల్ షీట్స్ తెరవండి. కింద ప్లస్ నొక్కండి, కొత్త షీట్. పేరు పెట్టండి, "నాన్న ఆరోగ్యం" అనో ఏదో. అయిపోయింది. పై వరసలో పేర్లు రాస్తున్నా చూడండి: తేదీ, నడుము, పై బీపీ, కింది బీపీ, ఫాస్టింగ్ షుగర్. స్క్రీన్ మీద ఉంది, చూసి రాసేసుకోండి.

బీపీకి రెండు గడులు ఎందుకంటే, ఒకే గడిలో 130, గీత, 85 అని రాస్తే షీట్ దాన్ని అంకె అనుకోదు, మాట అనుకుంటుంది. తర్వాత గ్రాఫ్ రాదు. అందుకని విడివిడిగా రాయండి.

కింద ఇంకో ట్యాబ్ తీసుకోండి, ఇక్కడ, ప్లస్. దాని పేరు "ల్యాబ్". ఇందులో ట్రైగ్లిజరైడ్స్, అంటే రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు, ఇంకా హెచ్‌డీఎల్. ఇవి ఇంట్లో చూసుకునేవి కావు కదా, డాక్టర్ రక్తపరీక్ష రాసినప్పుడే నింపుతాం. అందుకే వేరే ట్యాబ్.

ఇప్పుడు రంగులు. కండిషనల్ ఫార్మాటింగ్. ఇదిగో, ఈ మెనూలో కొంచెం కిందికి జరపండి, కనిపిస్తుంది. ఏ అంకె దాటితే ఎర్రగా మారాలి? 2009లో అంతర్జాతీయ సంస్థలు కొన్ని కలిసి కూర్చుని ఒక లెక్కకి వచ్చాయి. ఐదింటిలో మూడు ఉంటే మెటబాలిక్ సిండ్రోమ్ అని. ట్రైగ్లిజరైడ్స్ 150 లేదా ఆపైన. బీపీ పైది 130 గానీ, కిందిది 85 గానీ, లేదా ఆపైన. ఫాస్టింగ్ షుగర్ 100 లేదా ఆపైన. వీటికి ఆల్రెడీ మందు వాడుతుంటే అది కూడా లెక్కలోకే వస్తుంది. హెచ్‌డీఎల్ ఒక్కటే తిరగేసి ఉంటుంది, అది మంచి కొలెస్టరాల్, తగ్గితేనే ఇబ్బంది. మగవాళ్లకి 40 కంటే తక్కువ, ఆడవాళ్లకి 50 కంటే తక్కువ. కాబట్టి దానికి "లెస్ దాన్" ఎంచుకోండి, మిగతావాటికి "గ్రేటర్ దాన్ ఆర్ ఈక్వల్ టు". ఇవి గుర్తించడానికి పెట్టిన హద్దులు. మందు వాడుతున్నవాళ్లు ఎంతలో ఉండాలనేది మీ డాక్టర్ చెప్తారు, వారు చెప్పిన అంకే పెట్టుకోండి.

ఐదోది నడుము. ఇక్కడ కొంచెం ఆగుదాం. ఎందుకంటే అసలు చిక్కంతా ఇక్కడే. మా ఇంట్లో నాన్నగారికి అమ్మ కొలిస్తే ఒక అంకె, తమ్ముడు కొలిస్తే ఇంకో అంకె, నేను కొలిస్తే మరోటి. మనిషి ఒక్కడే, టేపూ ఒక్కటే.

"నా ప్యాంటు 34 కదా, అదే రాసేయ్" అంటారు చాలామంది. వద్దు. ప్యాంటు పొట్ట కింద కడతాం. మనకి కావల్సింది పొట్ట దగ్గర కొలత. చూడండి, పక్కకి తిరిగి నిలబడండి. పక్కటెముకల్లో చివరిది వేళ్లతో తడిమి పట్టుకోండి. ఇక్కడ. ఇప్పుడు కింద తుంటి ఎముక పైఅంచు. ఇక్కడ. ఈ రెండింటికీ సరిగ్గా మధ్యలో పెన్నుతో చిన్న చుక్క పెట్టండి. రెండో పక్కన కూడా. టేపు ఈ చుక్కల మీదుగా వెళ్లాలి. బొడ్డు మీదుగా వెళ్తుందా లేదా అని చూడొద్దు, ఒక్కొక్కరికి బొడ్డు ఒక్కో చోట ఉంటుంది, పొట్ట జారినవాళ్లకి ఇంకా కిందికి వెళ్తుంది. చుక్కలే ముఖ్యం.

ఇంకోసారి చెప్తున్నా. చివరి పక్కటెముక, తుంటి పైఅంచు, మధ్యలో చుక్క. వెనకాల టేపు జారిపోతుంది, అద్దంలో చూసుకోండి, లేదంటే ఎవరినైనా పట్టుకోమనండి. నేలకి సమానంగా ఉండాలి. ఒంటికి ఆనాలి గానీ నొక్కకూడదు. ఇప్పుడు మామూలుగా ఊపిరి వదలండి. వదిలాక చూడండి అంకె. కెమెరా ముందు నిలబడినట్టు పొట్ట లోపలికి లాగొద్దు! చీర కట్టుకుని కొలిచినా, లుంగీ మడత మీద కొలిచినా లెక్క తప్పుతుంది, బట్ట పక్కకి జరపండి. పొద్దున్నే, ఏమీ తినకముందు కొలిస్తే మేలు. రెండుసార్లు కొలిచి సగటు రాయండి.

మన దక్షిణాసియా వాళ్లకి హద్దు మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80. అంగుళాల్లో అయితే దాదాపు 35న్నర, 31న్నర. టైలర్ దగ్గర ఉండే బట్ట టేపు వాడుతుంటే ఒకసారి స్కేలు పక్కన పెట్టి చూసుకోండి, పాతవి సాగిపోతాయి. నేనైతే ప్లాస్టిక్‌ది కొత్తది కొనేశా.

తమాషా ఏంటంటే, 1988లో జెరాల్డ్ రీవెన్ అనే అమెరికా డాక్టర్ దీనికి సిండ్రోమ్ ఎక్స్ అని పేరు పెట్టినప్పుడు లావు అనేది అందులో లేనే లేదు. నడుము కొలత తర్వాత వచ్చి చేరింది. సన్నగా కనిపించే మనవాళ్లలో కూడా పొట్ట దగ్గర కొవ్వు ఉంటుంది కదా, దాన్ని తూకం మెషిన్ పట్టుకోలేదు, టేపు పట్టుకుంటుంది.

బీపీ త్వరగా చెప్పేస్తా. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి, వీపు ఆనించి, పాదాలు నేల మీద, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద. అరగంట ముందు కాఫీ, సిగరెట్ వద్దు. మాట్లాడొద్దు. ఒక నిమిషం గ్యాప్‌తో రెండుసార్లు. అంతే.

షిఫ్టులు చేసేవాళ్లు, గాజువాక, కూర్మన్నపాలెం వైపు చాలామంది ఉన్నారు కదా, మీరు ఇంకో గడి పెట్టుకోండి: షిఫ్ట్. ఏ, బీ, సీ. నైట్ చేసి దిగి వచ్చి పొద్దున్నే షుగర్ చూసుకుంటే అది ఫాస్టింగ్ కాకపోవచ్చు. రాత్రి మూడింటికి పంచదార వేసిన టీ తాగుంటారు. ఫాస్టింగ్ అంటే ఎనిమిది గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకూడదు. సీ షిఫ్ట్, అంటే నైట్ చేసిన రోజు అంకెని మామూలు రోజు అంకెతో పోల్చి టెన్షన్ పడొద్దు.

ఇక మూడో ట్యాబ్. పేరు "జీవితం". నవ్వకండి, నిజంగా అదే పెట్టా.

ఇందులో ఐదు ప్రశ్నలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరు మీద 1998 నుంచి ఉన్న చిన్న పరీక్ష ఇది, డబ్ల్యూహెచ్ఓ-5 అంటారు. గడిచిన రెండు వారాల్లో ఎలా ఉన్నారు అని అడుగుతుంది. ఒకటి, సంతోషంగా, హుషారుగా ఉన్నారా. రెండు, మనసు నెమ్మదిగా ఉందా. మూడు, ఒంట్లో ఓపిక, చురుకుదనం ఉన్నాయా. నాలుగు, పొద్దున్న లేచేసరికి నిద్ర సరిపోయినట్టు అనిపించిందా. ఐదు, రోజూ చేసే వాటిలో ఆసక్తి కలిగించేవి ఉన్నాయా. ఒక్కోదానికి 0 నుంచి 5. అస్సలు లేదంటే 0, ఎప్పుడూ ఉందంటే 5. నేను చెప్పింది నా మాటల్లో, అసలు ప్రశ్నలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, అవే వాడండి.

ఫార్ములా చూడండి. ఏ గడిలో తేదీ, బీ నుంచి ఎఫ్ దాకా ఐదు జవాబులు. ఈక్వల్ టు, ఎస్‌యూఎం, బ్రాకెట్, బీ2 నుంచి ఎఫ్2 దాకా, బ్రాకెట్ మూసేసి, స్టార్, 4. నూటికి ఎంతో వచ్చేస్తుంది. 50 లేదా అంతకంటే తక్కువ వస్తే డాక్టర్‌కి తప్పకుండా చూపించండి. పిచ్చి అని కాదు అర్థం. దిగులుకీ మెటబాలిక్ సిండ్రోమ్‌కీ రెండువైపులా సంబంధం ఉంది, ఒకటి ఇంకోదాన్ని పెంచుతుంది.

ఇది రెండు వారాలకోసారి చాలు. రోజూ నింపితే విసుగొస్తుంది, విసుగొస్తే మానేస్తాం.

పక్కన నేను సొంతంగా పెట్టుకున్న గడులు మూడు. మొదటిది మెట్లు. మీ అపార్ట్‌మెంట్ మెట్లే, ఎప్పుడూ అవే, ఎక్కాక ఆయాసం ఎంత అని 0 నుంచి 5. సింహాచలం మెట్లెక్కి పరీక్ష పెట్టుకోకండి! ఇంకో మాట, ఛాతీలో నొప్పి, చెమటలు వస్తే అది షీట్‌లో రాసుకునే విషయం కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

రెండోది "మానేసినవి". నాకు బాగా ఇష్టమైన గడి ఇదే. ఒంట్లో బాలేకనో, అక్కడ ఏం తినాలో తెలీకనో ఈ రెండు వారాల్లో దేనికి వెళ్లలేదు? పెళ్లి, గృహప్రవేశం, బీచ్ రోడ్డులో సాయంత్రం ఫ్రెండ్స్‌తో కూర్చోవడం. షుగర్ తగ్గిందని ఇంట్లో అందరూ సంబరపడుతుంటే ఈ గడి మాత్రం నిండిపోతోందనుకోండి, ఆ డైట్ ఎక్కువ రోజులు నిలవదు. నా ఉద్దేశంలో అలాంటి డైట్ మార్చుకోవాల్సిందే. అన్నం మొత్తం మానేసి ఒక్కరే వంటింట్లో కూర్చుని చోడి (రాగి) అంబలి తాగే కంటే, అందరితో కూర్చుని అన్నం సగం చేసి, పప్పు, కూర పెంచుకుంటే ఆ మనిషి పది కాలాలు పాటిస్తాడు.

మూడోది "గమనిక". గురక, పగలు కూర్చున్న చోటే నిద్ర రావడం, ఇవి రాయండి. స్లీప్ అప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, ఉండొచ్చు, దానికి పరీక్ష ఉంది, వైద్యం ఉంది. గురక సంగతి మీకు తెలీదు, పక్కన పడుకునేవాళ్లని అడగండి. బీపీ మందుల్లో కొన్ని మూత్రం ఎక్కువ వచ్చేలా చేస్తాయి, సాయంత్రం వేసుకుంటే రాత్రంతా లేవాలి. షుగర్ మందు మెట్‌ఫార్మిన్‌తో కొందరికి కడుపు పాడవుతుంది. కొలెస్టరాల్ మందుతో కొందరికి కండరాల నొప్పులు. వీటిలో చాలావాటికి డాక్టర్ టైము మార్చో, మందు రకం మార్చో సర్దుతారు. మీరు చెప్తేనే. మీ అంతట మీరు మానేయొద్దు, రాసి చూపించండి.

షార్ట్‌కట్ ఒకటి. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే గూగుల్ డ్రైవ్‌లో ఫైల్ పక్కన మూడు చుక్కలున్నాయి చూడండి, అందులో హోమ్ స్క్రీన్‌కి చేర్చే ఆప్షన్ ఉంటుంది. పెద్దవాళ్ల ఫోన్‌లో వాట్సాప్ పక్కనే పెట్టండి, వెతుక్కోనక్కర్లేదు. కంప్యూటర్ ఉంటే కంట్రోల్ పట్టుకుని సెమీకోలన్ నొక్కండి, ఇవాళ్టి తేదీ దానంతటదే పడుతుంది. చిన్న గడుల్లో టైప్ చేయడం నాన్నగారికి విసుగైతే గూగుల్ ఫామ్ చేసి ఇవ్వండి, వేలితో నొక్కితే చాలు, ఇదే షీట్‌లోకి వచ్చి పడుతుంది. నేను ఫామే వాడతా.

డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు "జీవితం" ట్యాబ్ ప్రింట్ తీయించండి. మొత్తం ఫైల్ కాదు. ఓపీలో డాక్టర్ గారికి ఉండేది కొద్ది నిమిషాలు, ఫోన్ చేతికిచ్చి స్క్రోల్ చేయమంటే ఎవరు చేస్తారు? ఒక్క కాగితం, గమనిక గడిలో ముఖ్యమైన రెండు మాటల కింద పెన్నుతో గీత. "ఎలా ఉన్నారు" అనగానే ఆ కాగితం బల్ల మీద పెట్టండి.

షేర్ చేసేటప్పుడు మాత్రం ఇక్కడ, ఈ బాణం నొక్కి, ఎడిటర్ తీసేసి వ్యూయర్ పెట్టండి. ఊళ్లో ఉన్న అత్తయ్యకి పంపితే చదవాలి గానీ పొరపాటున వేలు తగిలి అంకెలు చెరిగిపోకూడదు కదా. ఖాళీ షీట్ లింక్ కింద డిస్క్రిప్షన్‌లో పెట్టా, తెరిచి "మేక్ ఎ కాపీ" కొట్టుకోండి. ఎడిట్ యాక్సెస్ ఇవ్వమని నాకు రిక్వెస్టులు పంపకండి, కాపీ తీసుకుంటే అది మీదే.