క్లినిక్ ముందు ఆ క్యూ ఎవరు పెట్టించారు?

నమస్కారం. హెరాయిన్ లాంటి వాటికి అలవాటు పడ్డవాళ్ళకి వైద్యం చేసే క్లినిక్ వస్తుందంటే చుట్టుపక్కలవాళ్ళు ఎందుకు అడ్డం పడతారో మాట్లాడమన్నారు. అడ్డం పడేవాళ్ళని తిట్టిపోయడానికైతే నేను రాలేదు. వాళ్ళ మాటలు మనందరికీ తెలిసినవే. పిల్లలు తిరిగే చోటు, ఇళ్ళ ధరలు పడిపోతాయి, దొంగతనాలు పెరుగుతాయి. చివర్లో తప్పకుండా ఇంకోటి: "వైద్యం వద్దని కాదండీ, ఇక్కడ వద్దు."

ముందు ఆ తలుపు వెనక ఏం జరుగుతుందో చూద్దాం. పనులకి పోయేవాళ్ళ కోసం చాలాచోట్ల తెల్లవారకముందే తెరుస్తారు. కిటికీ అవతల నర్సు పేరు, పుట్టినతేదీ అడుగుతుంది. మనిషి తూలుతున్నాడేమోనని మొహంలోకి ఓసారి చూస్తుంది. చిన్న కప్పులో మందు కొలిచి ఇస్తుంది. తాగాక అదే కప్పులో కాసిని నీళ్ళు పోసి అవీ తాగిస్తుంది. ఆపైన ఏదో ఒకటి మాట్లాడిస్తుంది, మందు బుగ్గన దాచుకుని బయట అమ్ముకోకుండా. అంతే, ఐదు నిమిషాల పని.

ఆ మందు మెథడోన్. 1960ల మధ్యలో న్యూయార్క్‌లో విన్సెంట్ డోల్, మేరీ నిస్వాండర్ అనే డాక్టర్లు దీన్ని హెరాయిన్ రోగులకి ఇచ్చి చూశారు. హెరాయిన్ కొన్ని గంటల్లో దిగిపోయి వాంతులు, వణుకు పట్టుకుంటాయి, మనిషి మళ్ళీ దానికోసం పరుగెత్తుతాడు. మెథడోన్ సరైన మోతాదులో ఇస్తే రోజంతా కాస్తుంది, మత్తులో ముంచదు. "ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు పోస్తున్నారు" అంటారు. మరి చికిత్సలో ఉన్నంతకాలం చావు ముప్పు సగానికి పైగా తగ్గుతోందే! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే దీన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది.

నేరాల సంగతి. అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో పరిశోధకులు మెథడోన్ కేంద్రాల చుట్టూ జరిగిన నేరాలని దూరం కొలిచి మరీ లెక్కపెట్టారు. కేంద్రానికి దగ్గరయ్యేకొద్దీ నేరాలు పెరగలేదు. చిల్లర దుకాణాల దగ్గర పెరిగాయి. దుకాణం వద్దని ఎవరూ సభ పెట్టరు లెండి.

అయినా జనం కళ్ళారా చూసేది ఒకటుంది, అది అబద్ధం కాదు. క్లినిక్ ముందు బారులు తీరిన క్యూ. నా పేచీ ఆ క్యూతోనే. అమెరికాలో ఈ అలవాటు మాన్పించడానికి మెథడోన్ కావాలంటే ప్రత్యేక అనుమతి ఉన్న కేంద్రానికే వెళ్ళాలి, మామూలు మందుల షాపులో దొరకదు. దానిమీద స్థానిక నిబంధనలు. పెన్సిల్వేనియాలో ఒక చట్టం ఉండేది. బడికి, గుడికి, పార్కుకి, ఇళ్ళకి 500 అడుగుల లోపు ఈ క్లినిక్ పెట్టాలంటే స్థానిక కౌన్సిల్ ఓటేసి ఒప్పుకోవాలి. రీడింగ్ నగరం ఒప్పుకోలేదు. వ్యవహారం కోర్టుకెక్కింది. ఇది రోగులపై వివక్షేనని 2007లో ఫెడరల్ అప్పీల్ కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. ఊరు 500 అడుగుల లెక్కన వృత్తాలు గీసుకుంటూ పోతే మిగిలేదేమిటి? గోడౌన్ల వెనక ఏదో మూల. పదిచోట్ల పంచుకోవాల్సిన జనం ఒక్క కిటికీ ముందు, ఒకే గంటలో నిలబడతారు. ఆ క్యూ ఫోటో తీసి పక్క ఊరి సభలో చూపిస్తారు, ఇదిగో మీకూ ఇదే గతి అని.

క్యూ లేకుండా జరిగిన చోటూ ఉంది. ఫ్రాన్స్‌లో 1990ల నడుమ నుంచి మామూలు డాక్టర్లే బ్యుప్రెనార్ఫిన్ అని, మెథడోన్ లాంటిదే ఇంకో మందు రాసివ్వడం మొదలుపెట్టారు. నాలుగేళ్ళలో ఓవర్‌డోస్ చావులు ఐదింట నాలుగు వంతులు తగ్గాయి. పక్కింటాయన జ్వరానికి వెళ్ళాడో దీనికి వెళ్ళాడో ఎవరికి తెలుసు?

కాబట్టి ఈసారి మైకు దొరికితే "వద్దు" అనేబదులు బేరమాడండి. కూర్చునే హాలు లోపలే ఉందా? కిటికీలు ఎన్ని? కుదురుకున్న రోగులకి మందు ఇంటికిస్తారా? అమెరికా 2024 నిబంధనల ప్రకారం 28 రోజుల మందు దాకా ఇవ్వొచ్చు. తాళం వేసిన పెట్టెలో అది పట్టుకెళ్ళిన మనిషి మళ్ళీ మీ వీధిలో కనిపించేది నెల తిరిగాకే.

ఇక మీరు అడగండి.