పలక పట్టే చేతికి ముందు ఏం కావాలి?

అందరికీ నమస్కారం. విజయవాడలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ తరగతులు చూస్తున్న టీచర్లు, ఆయమ్మలు, కరస్పాండెంట్లు ఈ హాల్లో ఉన్నారు. వచ్చే ఏడాదికి ప్రణాళిక వేసుకునే రోజులివి. మామూలుగా ఈ పని పుస్తకాల ఏజెంటు తెచ్చిన సెట్టుతో మొదలవుతుంది. ఇంగ్లిష్ ఒకటి, తెలుగు ఒకటి, లెక్కలు ఒకటి, రైమ్స్ ఒకటి, జీకే ఒకటి. పేజీలను నెలలకు పంచేస్తే సిలబస్ తయారు. అన్నీ ఉన్నాయి కదా, సమగ్రంగా ఉందనుకుంటాం. కానీ ఆ అయిదు పుస్తకాలతోనూ పిల్లవాడు చేసే పని ఒక్కటే: కూర్చుని, పెన్సిల్ పట్టుకుని, చూసి రాయడం. అవి అయిదు సబ్జెక్టులు కావు, ఒకే సబ్జెక్టు అయిదుసార్లు.

2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ల వరకు ఒకే దశ అంది. అంటే మూడేళ్ల ప్రీస్కూలు, ఒకటి, రెండు తరగతులు కలిపి ఒకే మెట్టు. దాని మీద 2022 అక్టోబరులో వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం శరీరం, మనసు, ఆలోచన, భాష, కళలు అన్నింటినీ పాఠాలుగానే చూసింది. మనకు ఇందులో పనికొచ్చే మాట ఒకటుంది. యూకేజీ పూర్తయ్యేనాటికి చదవడం, రాయడం పూర్తి కానక్కర్లేదు. ఇంకా రెండేళ్లు చేతిలో ఉన్నాయి.

ముందు చేతి సంగతి చూద్దాం. మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవి మెత్తటి మృదులాస్థి. ఏళ్ల తరబడి ఒక్కొక్కటే గట్టిపడుతూ వస్తాయి. చివరిది గట్టిపడటం మొదలయ్యేసరికి బిడ్డకు తొమ్మిది పదేళ్లు వస్తాయి. మూడున్నరేళ్ల పిల్ల పెన్సిల్ పట్టుకున్నప్పుడు దగ్గర కూర్చుని చూడండి. పిడికిలంతా బిగిస్తుంది. వేలి కణుపులు తెల్లబడతాయి. నాలుక పెదవుల మధ్యకొస్తుంది. గీత భుజం నుంచి వస్తుంది, వేళ్ల నుంచి కాదు. ఆ చేత్తో పేజీ నిండా 'ఋ' రాయిస్తే అబ్బేది అక్షరం కాదు, ఆ బిగింపు. ఒకసారి అలవాటైన పట్టును తర్వాత మార్చడం చాలా కష్టం.

అందుకని ఎల్‌కేజీ మొదటి ఆరు నెలలు పెన్సిల్‌కు బదులు వేళ్లకు పని పెట్టండి. చిక్కుడుకాయల ఈనెలు తీయడం, బఠానీలు ఒలవడం, బట్టల క్లిప్పులు తాడుకు పెట్టడం, కాగితం చింపి అంటించడం. పిండిముద్ద మాత్రం వారానికి మూడు రోజులైనా ఉండాలి. 2 కప్పుల మైదా, 1 కప్పు మెత్తటి ఉప్పు, 2 చెంచాల నూనె వేసి, ముప్పావు కప్పు నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ కలిపితే ఆరుగురికి సరిపోతుంది. మన ఊరి గాలిలో తేమకు ఉప్పు నీరు పీల్చి ముద్ద జిగురవుతుంది. కాబట్టి మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టండి, వారానికోసారి కొత్తది కలపండి. రంగుకు పసుపు వాడితే యూనిఫాంకు మరకలు, ఇంటి నుంచి ఫిర్యాదులు. బీట్‌రూట్ రసం నాలుగు చుక్కలు నయం.

గోడకు కింద మూడడుగుల ఎత్తు దాకా నల్లరంగు వేయించండి. నిలబడి గోడ మీద గీస్తే మణికట్టు తనంతట తనే వెనక్కి వంగి సరైన తీరుకొస్తుంది. సుద్దముక్కలు నిండుగా ఇవ్వకండి, అంగుళం ముక్కలుగా విరిచి ఇవ్వండి. అంత చిన్నది పిడికిట్లో ఇమడదు, మూడు వేళ్లతోనే పట్టుకోవాలి. టీచరు చెప్పక్కర్లేదు, ఆ ముక్కే నేర్పుతుంది.

ఇక రోజు. ప్రణాళిక కాగితం మీద ముందు రాయాల్సింది పాఠాల పేర్లు కాదు, గంటలు. 9 నుంచి 12:30 అనుకుందాం. మొదటి 40 నిమిషాలు బయట ఆట. మన దగ్గర ఇది మధ్యాహ్నానికి పెడితే జారుడుబల్ల రేకు కాలి పిల్లలు ఎక్కరు, టీచర్లూ బయటికి రారు, ఆట నెమ్మదిగా టైంటేబుల్లోంచి మాయమవుతుంది. మార్చిలో ఒంటిపూట బడులు మొదలైనా ఆటే ముందు. తర్వాత 20 నిమిషాలు గుండ్రంగా కూర్చుని కబుర్లు, పాట. 45 నిమిషాలు మూలలు: వంటిల్లు ఆట, ఇటుకల కట్టడం, బొమ్మల పుస్తకాలు, పిండిముద్ద. ఒక్కో మూలకు అయిదారుగురే. 20 నిమిషాలు చిరుతిండి, చేతులు కడుక్కోవడం. భాషకు 30, లెక్కలకు 25, రంగులకూ పాటలకూ కలిపి మిగిలిన అరగంట. మొత్తం మూడున్నర గంటలు. మూలల సమయాన్ని శిక్షగా తీసేయకండి. అల్లరి చేసే బిడ్డకే అది ఎక్కువ అవసరం.

భాష దగ్గర కాసేపు ఆగాలి. తెలుగు చెవికి అక్షరం అక్షరంగా వినిపించే భాష. 'మా-మి-డి' అని మూడు చప్పట్లు, 'వం-కా-య' అని మూడు. మాటను ఇలా విడగొట్టగలిగిన పిల్లకే తర్వాత అక్షరం అంటుతుంది. ఎల్‌కేజీ అంతా ఈ చెవి ఆటలు, కథలు, కబుర్లు నడవాలి. యూకేజీలో అక్షరాలు మొదలుపెట్టినప్పుడు అ నుంచి ఱ దాకా వరసగా వెళ్లకండి. ఆ దారిలో ఋ, ఘ, ఙ దాటుకుంటూ పోతే నెలలు గడిచినా పిల్ల చదవగలిగే మాటలు అరకొరే. అ, క, త, ప, ల, వ అనే ఆరు అక్షరాలు తీసుకోండి. తల, వల, కల, అల, పలక, కలప, అలక: ఏడు మాటలు అప్పుడే చేతికొచ్చాయి. రెండు వారాలకే బిడ్డ నిజంగా చదువుతుంది. అక్షరం దిద్దడానికి ఇసుక పళ్లెం మంచిది. కడిగి ఆరబెట్టిన సన్న ఇసుక అర సెంటీమీటరు మందం మించకూడదు. మందమైతే గీత పక్కలు కూలిపోతాయి. అడుగున ఎర్ర కాగితం వేస్తే వేలు వెళ్లిన దారి మెరుస్తుంది. ఇంగ్లిష్ సంగతి అడుగుతారు. అది కూడా చెవితోనే రావాలి: ఆటలో చెప్పే ఆదేశాలు, అభినయంతో పాటలు. స్పెల్లింగులకు చాలా కాలముంది.

లెక్కల్లో ఒకటే పరీక్ష. వంద దాకా గడగడా అప్పజెప్పే పిల్లవాణ్ని 'ఏడు మూతలు ఇవ్వు' అనండి. చాలామంది గుప్పెడు తెచ్చి ఇస్తారు. ఎల్‌కేజీకి అయిదు దాకా, యూకేజీకి ఇరవై దాకా చేత్తో తాకి లెక్కపెట్టడం చాలు. చింతపిక్కలు, గవ్వలు బాగుంటాయి గానీ నర్సరీ పిల్లలు వాటిని ముక్కులో, చెవిలో పెట్టుకుంటారు. వాళ్లకు నాలుగు సెంటీమీటర్లు దాటిన వస్తువులే ఇవ్వండి.

ఈ ముక్కలన్నీ అతికేది రెండేసి వారాల అంశంతో. అంశమంటే గోడకు అంటించే చార్టు అనుకుంటున్నారు చాలా చోట్ల. కాదు, కబుర్లు, ఆట, లెక్కలు, కథలు అన్నీ ఒకే విషయం చుట్టూ తిరగడం. ఉదాహరణకు 'నీళ్లు' తీసుకోండి. వానాకాలంలో ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ నిండుగా పారుతుంటాయి, మన పిల్లలు వ్యాన్లోంచి రోజూ చూస్తారు. కబుర్లు అక్కడ మొదలవుతాయి. తొట్టిలో నాలుగంగుళాల నీళ్లు పోసి ఏది తేలుతుంది, ఏది మునుగుతుంది అని ముందు చెప్పించి, తర్వాత వేయించండి. మేకు, ఆకు, కొబ్బరి చిప్ప, చివర్లో కమలాపండు. తొక్కతో తేలుతుంది, ఒలిస్తే మునుగుతుంది, ఎందుకంటే గాలి బుడగలున్నది తొక్కలో. పిల్లలు మళ్లీ మళ్లీ చేయమంటారు, చేయనివ్వండి. తొట్టి దగ్గర పెద్దవాళ్లు లేకుండా ఒక్క నిమిషం ఉండకూడదు, ఆట కాగానే నీళ్లు పారబోయాలి. సంక్రాంతికి ముగ్గు చుక్కలు లెక్కలవుతాయి, ఉగాది పచ్చడి ఆరు రుచుల పాఠమవుతుంది. కథలకు పక్కనే ఉన్న కొండపల్లి బొమ్మలను మించినవి లేవు. అయితే తెల్లపొణికి కర్ర తేలిక, అతుకులు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో వేసినవి. నీటి తొట్టి దగ్గరకు తేకండి, కథ చెప్పే టీచరు చేతిలోనే ఉండనివ్వండి.

నవంబరు, డిసెంబరుల్లో యాన్యువల్ డే రిహార్సల్స్ మూడు వారాలు మింగేస్తే ఈ ప్రణాళిక నిలవదు. స్టేజీ మీద చిన్నపిల్లలు చేసే ఐటెంను వాళ్ల రోజువారీ పాటల్లోంచే ఎంచుకుంటే రిహార్సల్ అక్కర్లేదు.

పరీక్షలకు బదులు ఒక నోట్‌బుక్ పెట్టండి. క్లాసులో 25 మంది ఉంటే రోజుకు అయిదుగురి గురించి ఒక్కో వాక్యం. 'బాగా చేస్తోంది' అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. 'కత్తెరతో గీత వెంట నాలుగంగుళాలు కత్తిరించింది, మలుపు దగ్గర కాగితం తిప్పలేక ఆగింది' అని రాస్తే రేపు ఏం ఇవ్వాలో తెలుస్తుంది.

తల్లిదండ్రులు 'ఇవాళ ఏం రాయించారు?' అని అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్న, ఫీజు కడుతున్నారు. దానికి మాటలతో జవాబు చెప్పకండి. పేరెంట్స్ మీటింగ్‌లో ఒక్కొక్కరికీ కాగితం ఇచ్చి, కుడిచేతి వాటం వాళ్లను ఎడమచేత్తో, ఎడమచేతి వాటం వాళ్లను కుడిచేత్తో అ నుంచి అః దాకా రెండు వరసలు గీత దాటకుండా రాయమనండి. రాయడం చిన్న చేతికి ఎంత కష్టమో వాళ్లకే తెలియడానికి నాలుగు నిమిషాలు చాలు. ఆ తర్వాత పక్కనే పిల్లల పిండిముద్దలు, గోడ మీద గీతలు చూపించండి. ఈ మీటింగ్ జూన్ చివరి వారంలోనే పెట్టండి. జూలై దాటితే అప్పటికే ఇళ్లలో కాపీరైటింగ్ పుస్తకాలు కొని రాయించడం మొదలైపోతుంది.