హెలికాప్టర్ దిగిన ముగ్గురు

శ్రోతలకు నమస్కారం. మే నెల ఆఖరి సోమవారం అమెరికాలో మెమోరియల్ డే, యుద్ధాల్లో ప్రాణాలు పోగొట్టుకున్న తమ సైనికులను వాళ్లు తలచుకునే రోజు. అక్కడున్న మన పిల్లలు ఫోన్లో "సోమవారం సెలవు, మూడు రోజులు ఖాళీ" అంటుంటారే, ఆ సెలవు దీనికే. శత్రువు గుళ్లకు ఎదురెళ్లిన వీరుల కథలు ఆ రోజు చాలా చెప్పుకుంటారు. నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది సొంత సైన్యానికే అడ్డం నిలబడిన ముగ్గురు.

1968 మార్చి 16. వియత్నాంలో సన్ మీ అనే ఊరు, మనం మై లై అని విన్నది ఇదే. అక్కడ శత్రు సైనికులు ఉన్నారన్న సమాచారంతో అమెరికా దళం ఒకటి పొద్దున్నే దిగింది. తీరా చూస్తే ఊళ్లో ఉన్నది ఆడవాళ్లు, ముసలివాళ్లు, చంటిపిల్లలు. అయినా కాల్చడం మొదలుపెట్టారు. పైన ఒక చిన్న హెలికాప్టర్ తిరుగుతోంది. నడిపేది హ్యూ థాంప్సన్, 24 ఏళ్లవాడు. అతనితో గ్లెన్ ఆండ్రియోటా, లారెన్స్ కోల్‌బర్న్. కోల్‌బర్న్‌కి 18 ఏళ్లే, మన దగ్గర ఇంటర్ అయిపోయే వయసు!

గాయపడి పడి ఉన్న ఊరివాళ్లు కనిపిస్తే థాంప్సన్ ఆ చోట్ల పచ్చ పొగ వదిలాడు, ఇక్కడ వైద్యం కావాలి అని గుర్తు. కాసేపటికి తిరిగొచ్చి చూస్తే వాళ్లంతా చనిపోయి ఉన్నారు. పక్కన కాలువ నిండా శవాలు. హెలికాప్టర్ దింపి అక్కడున్న అధికారితో వాదించాడు, నీ పని నువ్వు చూసుకో అన్నట్టే వచ్చింది జవాబు.

మళ్లీ పైకి లేచాక ఒక బంకర్లో దాక్కున్న కొంతమంది కనిపించారు, వాళ్ల వైపు అమెరికా సైనికులు నడిచి వస్తున్నారు. థాంప్సన్ సరిగ్గా ఆ రెండు గుంపుల మధ్యలో హెలికాప్టర్ దింపాడు. దిగుతూ తన ఇద్దరికీ చెప్పాడు: మనవాళ్లు ఈ జనాన్ని కాలిస్తే మీరు మనవాళ్లనే కాల్చండి. ఒక్కసారి ఆలోచించండి, నిన్నటిదాకా కలిసి యుద్ధం చేసినవాళ్ల ఎదుట తుపాకులు పట్టుకుని నిలబడటం, అదీ ఆ వయసులో. అతను ఒక్కడే బంకర్ దగ్గరికి నడిచి వెళ్లి, భాష రాకపోయినా చేతులతో సైగలు చేసి జనాన్ని బయటికి పిలిచాడు. వాళ్లను ఎక్కించడానికి తన హెలికాప్టర్ సరిపోదు, అందుకని తోడుగా ఎగురుతున్న పెద్ద హెలికాప్టర్లను కిందికి రప్పించి అందులో పంపాడు.

వెళ్లేముందు ఇంకోసారి ఆ కాలువ మీదుగా వెళ్తుంటే ఏదో కదిలినట్టు ఆండ్రియోటాకి అనిపించింది. దిగి, ఆ శవాల మధ్యకు నడిచి వెళ్లి, ఒక పిల్లాడిని ప్రాణాలతో బయటికి తీశాడు. పిల్లాడిని ఆస్పత్రికి చేర్చాక థాంప్సన్ నేరుగా పైఅధికారుల దగ్గరికి వెళ్లి కోపంతో అంతా చెప్పేశాడు, ఆ తర్వాతే కాల్పులు ఆపమని ఆదేశం వెళ్లింది. అప్పటికే వందల మంది పోయారు. సన్ మీలోని స్మారకం మీద ఉన్న లెక్క 504.

ఆండ్రియోటా మూడు వారాలకే మరో చోట యుద్ధంలో చనిపోయాడు.

బతికిన థాంప్సన్‌కి ఏం దక్కిందో కూడా వినండి. విషయం 1969లో బయటపడి, అతను సాక్ష్యం చెప్పినప్పుడు, సొంత దేశంలోనే అతన్ని ద్రోహి అన్నారు. చంపుతామని ఫోన్లు, పొద్దున లేచి చూస్తే గుమ్మంలో చచ్చిన జంతువులు. శిక్ష వేయాల్సింది ఇతనికే అన్న చట్టసభ సభ్యుడు కూడా ఉన్నాడు. చివరికి హత్యల కేసులో శిక్ష పడింది ఊళ్లో కాల్పులు జరిపిన ఆ దళంలోని ఒక్క అధికారికి, లెఫ్టినెంట్ విలియం కాలీకే, అదీ మూడేళ్ల పైచిలుకు గృహనిర్బంధంతో సరి. నాకైతే ఇప్పటికీ మింగుడుపడదు.

1998 మార్చి 6న, అంటే 30 ఏళ్లకు, వాషింగ్టన్‌లోని వియత్నాం స్మారకం దగ్గర ముగ్గురికీ సోల్జర్స్ మెడల్ ఇచ్చారు, శత్రువుతో పోరాటం కాని చోట చూపిన సాహసానికి అమెరికా సైన్యం ఇచ్చే పతకం అది. ఆండ్రియోటాది మరణానంతరం. అదే నెలలో థాంప్సన్, కోల్‌బర్న్ సన్ మీ వెళ్లారు. ఆ రోజు బతికి బయటపడిన ఒకామె థాంప్సన్‌ని అడిగిందట, ఆ పని చేసినవాళ్లు మీతో ఎందుకు రాలేదు అని. అతను కుంగిపోయాడు. ఆమె అప్పుడు మాట పూర్తి చేసింది, వస్తే క్షమించేవాళ్లం కదా అని.

2006లో చనిపోయేలోపు థాంప్సన్ ఈ సంగతి సైనిక విద్యార్థులకు చెప్పాడు. చెప్పి, తనకు మాత్రం అంత పెద్ద మనసు లేదన్నాడు.